నౌపడలో దిగాలి

మొన్న సంక్రాంతి వెళ్లాక అమ్మని తీసుకుని విశాఖ స్టేషన్లో గుణుపూర్ ప్యాసింజర్ ఎక్కాను. పాతపట్నంలో మావయ్య మనవడికి అన్నప్రాసన. అమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్లు సహకరించవు, అందుకని కారు మాట్లాడదాం అన్నాను. వద్దంది, రైల్లోనే వెళ్దాం అంది. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. విజయనగరం దాకా కునికిపాట్లు పడింది, పొందూరు రాగానే లేచి వాళ్ల నాన్న కట్టిన సన్న ఖద్దరు పంచెల గురించి చెప్పింది, శ్రీకాకుళం రోడ్డులో సగం గ్లాసు టీ తాగింది. కోటబొమ్మాళి దాటేసరికి మాత్రం ఎక్కడలేని హుషారు వచ్చేసింది. కాళ్లతో తడుముకుని చెప్పులు వేసుకుంది. సంచీ ఒళ్లోకి లాక్కుంది. బండి నెమ్మదించి బోర్డు కనపడగానే నా భుజం పట్టుకుని లేచి నిలబడిపోయింది.

"లెగవే, బేగి దిగాలి, చిన్న బండి ఎల్లిపోద్ది."

చిన్న బండి వెళ్లిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

ఎదురు సీట్లో ఒక కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, "దిగక్కర్లేదు మామ్మా, ఇదే బండి పాతపట్నం పోద్ది, కూర్చో" అన్నాడు. అమ్మ కూర్చుంది. బండి కదిలేదాకా ఆ ప్లాట్‌ఫారం వైపే చూస్తూ ఉంది, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె చూస్తున్నది ఏమిటో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే వెతుక్కుంటున్నాను. అప్పటి నుంచీ నౌపడ గురించి రాయాలని ఉంది, ఇవాళ్టికి కుదిరింది.

తెలియనివాళ్ల కోసం ముందు ఊరు ఎక్కడో చెప్తాను. విశాఖ నుంచి హౌరా వైపు వెళ్లే మెయిన్ లైన్లో సుమారు 170 కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఉంటుంది. ఒక పక్క టెక్కలి, ఇంకో పక్క సముద్రం. ఊరు చుట్టూ ఉప్పు మళ్లు. ఎండాకాలంలో రైలు కిటికీలోంచి చూస్తే నేల మీద అద్దాలు పరిచినట్టు ఉంటాయి, గట్ల మీద తెల్లటి కుప్పలు, ఆ కుప్పల మీద తాటాకులు. దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది, ప్రతి ఏడూ శీతాకాలానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెట్టుకునే ఊరు. ఇంతకు మించి గొప్పగా చెప్పుకోవడానికి నౌపడలో కోటలూ లేవు, పెద్ద గుడులూ లేవు. కానీ మా చిన్నప్పుడు ఆ పేరు వింటే చాలు, మాకు సెలవులు వచ్చేసినట్టు.

అప్పట్లో అక్కడ రెండు రకాల పట్టాలు కలిసేవి. కలిసేవి అంటే ఒకదాని పక్కకి ఒకటి వచ్చి ఆగిపోయేవి. ఇటు మద్రాసు నుంచి హౌరా దాకా పోయే పెద్ద లైను, పట్టాల మధ్య అయిదున్నర అడుగులు. అటు పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ పోయే చిన్న లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఇటు బండి అటు పోలేదు, అటు బండి ఇటు రాలేదు. మధ్యలో మూడడుగుల తేడా. ఆ మూడడుగుల వల్లే ఎవరైనా సరే, పర్లాకిమిడి జమీందారు గారైనా, బస్తాలు మోసే మనిషైనా, నౌపడలో దిగి నేల మీద అడుగు పెట్టి తీరాలి. ఆ ఊరి గొప్పతనం అంతా ఆ మూడడుగుల్లోనే ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

చిన్న లైను కథ మా తాతయ్య చెప్పేవారు, ఆ తర్వాత నేను చదివి కొంత తెలుసుకున్నాను. 1890ల్లో మన తూర్పు తీరం పొడుగునా పెద్ద లైను వేశారు. పర్లాకిమిడికి దగ్గర్లో పడ్డ స్టేషన్ నౌపడ, అదే 25 మైళ్ల దూరం. అంత దూరం ఎడ్లబండి మీదో పల్లకీలోనో వచ్చి రైలెక్కాలి. అందుకని కిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి గారు సొంత సొమ్ముతో చిన్న లైను వేయించారు. 7 లక్షల రూపాయల ఖర్చు, 1898లో పని మొదలు, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. మొదట్లో నష్టాలే. నెమ్మదిగా లాభాల్లో పడ్డాక, కృష్ణచంద్ర గజపతి గారి కాలంలో ఇంకా ముందుకు పొడిగించారు, 1931 నాటికి గుణుపూర్ చేరింది. మొత్తం కలిపి 90 కిలోమీటర్లు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కిమిడి అటు వెళ్లిపోయింది, మహేంద్రతనయ నదికి ఇవతల ఉన్న మా పాతపట్నం ఇటు ఉండిపోయింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం అన్నీ మన విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా అలాగే. అందుకే తాతయ్య ఆ రోజుల కాగితాల్లో ఊరి పేరు కింద విశాఖపట్నం జిల్లా అనే రాసుకునేవారు. నేను విశాఖలో పుట్టినందుకు "మనం ఒక జిల్లా వాళ్లమే తల్లీ" అని మురిసిపోయేవారు.

ఆ 1936లోనే గిడుగు రామమూర్తి గారు కిమిడి వదిలిపెట్టి వచ్చేశారు. కుర్రతనం నుంచి అక్కడే బతికారు, అక్కడే పిల్లలకి పాఠాలు చెప్పారు, అక్కడే సవర భాష నేర్చుకున్నారు, మనం ఇవాళ ఇలా మాట్లాడినట్టు రాసుకుంటున్నామంటే ఆ గొడవంతా ఆయన అక్కడి నుంచి నడిపిందే. కిమిడి ఒరిస్సాలో కలవడం ఇష్టం లేక ఆ వయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. చిన్న బండిలోనే వచ్చి నౌపడలో పెద్ద బండి మారి ఉంటారని మా తాతయ్య నమ్మకం. వేరే దారి ఏముంది అప్పుడు, అనేవారు. డెబ్బై దాటిన మనిషి సామాను దింపుకుని ఆ ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నట్టు నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

సరే, మా ప్రయాణాల సంగతికి వస్తాను.

మేం అల్లిపురంలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో గుమాస్తా. ఆయనకి సెలవు దొరికేది కాదు, అందుకని పరీక్షలు అయిన మర్నాడే అమ్మ, అన్నయ్య, నేను బయల్దేరేవాళ్లం. అప్పటికి విశాఖ స్టేషన్ పేరు వాల్తేరు. 1987లో పేరు మార్చారు గానీ అమ్మ ఇప్పటికీ ఆటో అబ్బాయికి వాల్తేరు స్టేషన్ అనే చెప్తుంది. నాన్న రిక్షాలో సామాను తెచ్చి, కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు పట్టి, మరచెంబు నిండా నీళ్లు పట్టుకొచ్చి, బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడేవారు. చెప్పిందే చెప్పేవారు: "నౌపడలో జాగ్రత్త. పిల్లల చెయ్యి వదలకు. చిన్న బండి అందకపోతే స్టేషన్ దాటి ఎక్కడికీ వెళ్లొద్దు."

పలాస వైపు పోయే ప్యాసింజర్ ప్రతి స్టేషన్లోనూ ఆగేది. అలమండ, కోరుకొండ, నెల్లిమర్ల, చీపురుపల్లి, సిగడాం... అన్నయ్య వరసగా అప్పజెప్పేవాడు. ఊర్లాం, తిలారు, హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, దండుగోపాలపురం, ఆ తర్వాత నౌపడ. దండుగోపాలపురం రాగానే అమ్మ మా ఇద్దరి మొహాలూ తడిగుడ్డతో తుడిచేది. బొగ్గు ఇంజను రోజులు, విశాఖలో తెల్లగా ఎక్కితే నౌపడలో దిగేటప్పటికి ముక్కుపుటాలు కూడా నల్లబడేవి. అమ్మ పుట్టింటి వాళ్లకి పిల్లలు శుభ్రంగా కనపడాలి కదా.

దిగగానే మొదట తగిలేది గాలి. ఉప్పుగా, కొంచెం జిగురుగా, మా విశాఖ బీచ్ గాలిలాగే ఉండి అందులో ఎండిన తాటాకు వాసన కలిసేది. ఆ తర్వాత పరుగు. పెద్ద బండి దిగిన జనం అంతా సామాను నెత్తిన పెట్టుకుని అవతలి పక్కకి పరిగెత్తేవారు, చిన్న బండి అక్కడ ఉందో లేదో చూసుకోవడానికి. ఉంటే మొదటిసారి చూసినవాళ్లకి బొమ్మ రైలు అనిపిస్తుంది. పెట్టెలు ఎత్తు తక్కువ, లోపల ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లు తగులుతాయి. ఇంజను మాత్రం పెద్ద ఇంజను లాగే గర్వంగా పొగ వదిలేది.

ఎక్కువసార్లు బండి ఉండేది కాదు. రెండు గంటలు, మూడు గంటలు, ఒక్కోసారి పూట మొత్తం ఆగాల్సి వచ్చేది. నేను చెప్పాలనుకుంటున్నది అసలు ఈ ఆగడం గురించే.

అక్కడ ఒక పెద్ద చింతచెట్టు ఉండేది. దాని కింద దుప్పటి పరిచి అమ్మ మూటలు విప్పేది. పులిహోర, వడియాలు, ఊరి నుంచి తెచ్చిన మాగాయ. పక్కన దుప్పటి పరుచుకున్నవాళ్లు ఎవరో మనకి తెలియదు, కానీ పావుగంటలో తెలిసిపోయేది. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఎక్కడికి పోతున్నారు, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లి రాలేదు, అన్నీ. వాళ్ల చేగోడీలు మా దుప్పటి మీదకి, మా పులిహోర వాళ్ల ఆకులోకి వెళ్లిపోయేది. ముంజలమ్మే ఆవిడ గంప దింపి మా దగ్గరే కూర్చుని కత్తితో ముంజలు కొట్టి ఇచ్చేది, డబ్బులు తీసుకున్నాక కూడా లేచేది కాదు, కబుర్లలో పడేది. తెలుగు, ఒరియా, సవర మూడూ ఆ చెట్టు కిందే మొదటిసారి విన్నాను. కొండల నుంచి దిగిన సవర ఆడవాళ్లు చింతపండు, కొండచీపుర్లు మూటలు కట్టుకుని బండి కోసం ఒక పక్కగా కూర్చునేవారు. ఒకసారి వాళ్లలో ఒకావిడ అమ్మకి ఒక చీపురు ఇచ్చి పులిహోర పెట్టించుకుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆ చీపురు అల్లిపురం ఇంట్లో ఎన్నేళ్లు వాడామో.

అవతల సామాన్లు మార్చే చోటు ఉండేది. చిన్న వ్యాగన్లలో వచ్చిన ధాన్యం బస్తాలు, వెదుళ్లు దింపి పెద్ద వ్యాగన్లలోకి ఎక్కించాలి, పెద్ద వాటిలో వచ్చినవి ఇటు మార్చాలి. అంతా వీపు మీదే. చెమట కారే ఒంటి మీద ధాన్యం దుమ్ము పడి ఆ మనుషులు మట్టి బొమ్మల్లా కనపడేవారు. మధ్యాహ్నం చెట్టు కిందకి వచ్చి అంబలి తాగేవారు, ఉల్లిపాయ కొరుక్కుంటూ. నేను చూసేసరికే ఆ పని బాగా తగ్గిపోయింది. అమ్మ చిన్నప్పుడైతే రాత్రీ పగలూ జరిగేదట, నౌపడలో సగం ఇళ్లు ఆ పని మీద, మిగతా సగం ఉప్పు మీద బతికేవట.

మా పిన్ని పెళ్లి కుదిరింది కూడా నౌపడలోనే. ఇది తప్పక చెప్పాలి.

పెళ్లివాళ్లది సోంపేట వైపు. అంతకుముందు రెండు సంబంధాలు ఇంటికొచ్చి చూసి వెళ్లి తప్పిపోయాయి, వీధిలో అందరూ గుసగుసలు, పిన్ని ఏడుస్తూ మంచం ఎక్కేసింది. అప్పుడు తాతయ్య ఒక ఆలోచన చేశారు. వాళ్లు పెద్ద బండిలో ఇటు రావాలి, మనం చిన్న బండిలో అటు వెళ్దాం, మధ్యలో నౌపడలో చూసుకుంటే పోలే? కుదిరితే మంచిది, కుదరకపోతే ఊళ్లో కాకికి కూడా తెలియదు. పిన్నికి ఆ మాట నచ్చింది. వేసవి కాబట్టి మేమూ ఉన్నాం, నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరైనా అడిగితే టెక్కలి సంతకి వెళ్తున్నామని చెప్పమన్నారు.

వాళ్లు దిగేటప్పుడు పెళ్లికొడుకు నాయనమ్మ కాలు జారింది. అప్పట్లో పెద్ద బండి మెట్టుకీ నేలకీ చాలా ఎత్తు. పడలేదు గానీ చెప్పు తెగిపోయింది. మే నెల, మిట్టమధ్యాహ్నం, కింద కంకర నిప్పుల్లా ఉంది. ఆవిడ ఒక కాలు మీద నిలబడింది. మగవాళ్లంతా నమస్కారాలు, పలకరింపుల్లో ఉన్నారు. తల వంచుకుని చెట్టు కింద కూర్చోవాల్సిన మా పిన్ని లేచి వెళ్లి తన చెప్పులు విప్పి ఆవిడ కాళ్ల ముందు పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని చెట్టు దాకా నడిపించుకుని వచ్చింది, తను ఆ కంకర మీద ఉత్త కాళ్లతో. ఎవరో ఏమీ చెప్పలేదు, ఆమెకి తోచింది అంతే. ఆవిడ నీడలో కూలబడి మంచినీళ్లు తాగి, "ఇంకేటి చూడ్డానికి, పిల్లని చూసీసినాం" అంది. అంతే, సంబంధం ఖాయం. జంతికలు, సున్నుండలు తర్వాత తిన్నారు. పెళ్లికొడుకు, అంటే మా బాబాయి, అసలు పిన్ని మొహం సరిగ్గా చూడనేలేదట, కాళ్లే చూశాడట. బొబ్బలెక్కాయి పాపం. బాబాయి పోయేదాకా ప్రతి మే నెలలో ఆ మాట తలచుకునేవాడు.

నౌపడలో మేం ఒక రాత్రంతా ఉండిపోయిన సంగతి కూడా ఉంది. నాకు పదమూడేళ్లు. సెలవులు అయిపోయి తిరిగి వస్తున్నాం, జూన్. టెంబూరు దగ్గర చిన్న ఇంజను మొరాయించింది. ఎప్పుడో చీకటి పడ్డాక నౌపడ చేరాం, విశాఖ బండి వెళ్లిపోయి చాలాసేపు అయింది. మళ్లీ తెల్లవారాకే. నాన్న వాల్తేరు స్టేషన్లో ఎదురుచూస్తూ ఉంటారు, ఇంట్లో ఫోన్ లేదు, కబురు చేసే దారి లేదు. అమ్మ టెన్షన్ పైకి కనపడనివ్వకుండా మా ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి ట్రంకుపెట్టె మీద తను కూర్చుంది. స్టేషన్లో పనిచేసే ఒకాయన చూసి లోపలికి వెళ్లాడు, కాసేపటికి వాళ్లావిడ లాంతరు పట్టుకుని వచ్చింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. "రాండి, గుంటలికి ఆకలేస్తంటాది" అంది. వేడి అన్నం, ఎండు నెత్తళ్ల పులుసు. అంత రుచైన అన్నం తర్వాత ఎక్కడా తినలేదు, నిజంగానే చెప్తున్నాను.

అర్ధరాత్రి వాన మొదలైంది. తొలకరి. మాకు సంతోషం, కానీ ఊరంతా ఒక్కసారి లేచిపోయింది. కేకలు. వరండాలోంచి చూస్తే చీకట్లో దూరంగా లాంతర్లు పరిగెడుతున్నాయి, ఒకటి కాదు, పది కాదు, వరసలు వరసలుగా. ఏమిటో మాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, ఉప్పు కుప్పలు కప్పుకోవడానికి పోతున్నారని. నాలుగైదు నెలలు ఎండలో కాళ్లు పగలగొట్టుకుని మళ్లలో లాగిన ఉప్పు, వాన దెబ్బకి గంటలో కరిగిపోతుంది. వాళ్లాయన డ్యూటీలో ఉన్నాడు, ఆవిడ కూడా మా ముందే చీర ఎగదోపుకుని, తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని వెళ్లింది, వాళ్ల అన్నదమ్ముల కుప్పలు ఉన్నాయట. తెల్లారేసరికి తిరిగొచ్చింది. మోకాళ్ల దాకా బురద. పొయ్యి వెలిగించి మాకు టీ పెట్టింది. ఎంత ఉప్పు దక్కిందని అమ్మ అడిగితే "సగం" అంది, అంతకు మించి చెప్పలేదు.

మేం విశాఖలో దిగేసరికి నాన్న అక్కడే ఉన్నారు. రాత్రంతా ప్లాట్‌ఫారం మీదే ఉన్నారట, వచ్చిన ప్రతి బండీ చూస్తూ. నన్ను, అన్నయ్యని ఒకేసారి ఎత్తుకున్నారు, అన్నయ్యకి అప్పటికే పదహారు.

తర్వాత తర్వాత వెళ్లడం తగ్గింది. చదువు, ఉద్యోగం, పెళ్లి. తొంభైలు వచ్చేసరికి చిన్న బండికి డీజిల్ ఇంజను వచ్చింది, మొహాలు తుడిచే పని పోయింది. టెక్కలి నుంచి బస్సులు పెరిగాయి. నేను కూడా పిల్లలతో బస్సులోనే వెళ్లడం మొదలుపెట్టాను, గంటల తరబడి ఎవరు ఆగుతారు అని. ఆ మాట అన్నది నేనే, గుర్తుంది.

2004 జూన్‌లో చిన్న బండి ఆఖరిసారి నడిచింది. బ్రాడ్‌గేజ్ వేయడానికి లైను మూసేశారు. మావయ్య ముందే ఉత్తరం రాశాడు, రమ్మని. మా చిన్నదానికి జ్వరం, వెళ్లలేకపోయాను. రెండు రోజుల్లో తగ్గిపోయిన జ్వరం. మావయ్య వెళ్లాడు. జనం పెట్టెల మీద కూడా ఎక్కేశారట, ఇంజనుకి మామిడి తోరణాలు కట్టి కొబ్బరికాయలు కొట్టారట, ఆడవాళ్లు ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు పసుపు కుంకుమ పెట్టారట. ఆ టికెట్టు మావయ్య దాచి నాకు తెచ్చి ఇచ్చాడు. నా బీరువాలో చిన్నప్పుడు తాతయ్య కొనిపెట్టిన కిమిడి కొమ్ము కొంగ ఉంటుంది, పశువుల కొమ్ముతో చేసే బొమ్మలకి ఆ ఊరు పెట్టింది పేరు కదా, ఆ కొంగ కాళ్ల దగ్గర పెట్టాను టికెట్టుని. హుద్‌హుద్ తుఫానులో ఇంట్లోకి నీళ్లు కొట్టి పెళ్లి ఫొటోలు కూడా తడిసి పాడయ్యాయి, ఆ రెండూ మాత్రం దక్కాయి.

ఆరేళ్ల పాటు ఆ దారిలో బండే లేదు. 2010లో కిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా పెద్ద పట్టాలు పడ్డాయి. ఇప్పుడు విశాఖలో ఎక్కితే నేరుగా వెళ్లిపోవచ్చు. మంచిదే. మావయ్యకి గుండె ఆపరేషన్ అయ్యాక మూడు నెలలకోసారి విశాఖ రావాలి, పాతపట్నంలో ఎక్కి పడుకుంటే ఇక్కడ దిగుతాడు, ఎక్కడా మారక్కర్లేదు, మెట్లెక్కక్కర్లేదు. ఈ లైను లేకపోతే ఆయనకి ఎంత కష్టమయ్యేదో తలచుకుంటేనే భయం వేస్తుంది. పాత రోజులే బాగున్నాయని నేను అనను. ఆ బస్తాలు మోసిన వీపుల్ని చూశాను కాబట్టి అసలు అనను.

కానీ నౌపడ బోర్డు మీద ఇప్పటికీ జంక్షన్ అనే ఉంది. దిగేవాళ్లు లేరు. పట్టాలు కలిశాక మనుషులు కలవడానికి కారణం లేకుండా పోయింది, అదొక్కటే నాకు గొంతులో అడ్డుపడుతుంది.

అన్నప్రాసన అయ్యాక తిరిగి వచ్చేటప్పుడు అమ్మని అడిగాను, నేరుగా విశాఖ బండి ఎక్కుదామా, లేకపోతే నౌపడ వెళ్లి అక్కడ ఎక్కుదామా అని. అమ్మ ఏమీ అనలేదు, వెంటనే చీర మార్చుకోవడానికి లేచింది. మావయ్య కొడుకు టెక్కలి దాకా కారులో దింపాడు, అక్కడి నుంచి ఆటో. బండికి ఇంకా రెండు గంటలు పైనే ఉంది. కావాలనే అలా వెళ్లాం.

చింతచెట్టు లేదు. తిత్లీ తుఫానులో పడిపోయిందని టీ కొట్టు అతను చెప్పాడు. చిన్న బండి ఆగే చోటు కూడా గుర్తుపట్టలేకపోయాను. అమ్మ మాత్రం కర్రతో చూపించింది, ఇదిగో ఇక్కడ నీళ్ల కుళాయి, ఇక్కడ ఇంజను నీళ్లు తాగేది, ఇదిగో ఇక్కడే మీ పిన్ని చెప్పులు విప్పింది. ఉప్పు మళ్లు అలాగే ఉన్నాయి. గాలి కూడా.

బెంచీ మీద కూర్చున్నాం. ప్లాస్టిక్ డబ్బాలో పులిహోర తెచ్చుకున్నాం, మావయ్య భార్య కట్టి ఇచ్చింది. ఆ చివర ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది, నలభై ఏళ్లు ఉంటాయేమో, ఒళ్లో సంచీ, మొహం దిగాలుగా. అమ్మ నాకు సైగ చేసింది, కాగితం ప్లేటులో పెట్టి ఇచ్చాను. ముందు వద్దంది, తర్వాత తీసుకుంది. "ఏ ఊరమ్మా మీది?" అంది అమ్మ. భావనపాడు అంది. కూతురు విశాఖలో నర్సింగ్ చదువుతోందట, ఫోన్లో ఏడ్చిందట, చూడ్డానికి పోతోందట. ఎక్కడ, ఏ హాస్టలు, ఎందుకు ఏడ్చింది, అమ్మ ఒక్కొక్కటే అడుగుతోంది. ఆవిడ నెమ్మదిగా బెంచీ మీద ఇటు జరిగింది. తన సంచీలోంచి జీడిపప్పు పొట్లం తీసి అమ్మ చేతిలో పెట్టింది.

దూరంగా బండి కూత వినపడింది. నేను లేచి సంచీలు తీశాను, "అమ్మా, బండి వచ్చేస్తోంది, లే" అన్నాను.

"రానీవే, ఆగుతాది కదా" అంది అమ్మ, ఆవిడ చెయ్యి వదలకుండా. "ఈ అమ్మాయి చెప్పేది అవనీ."